కాటా హౌగెన్, ఆయన మేక

ఆస్మండ్ హౌగెన్ ఎవరిని చూసినా ముందు బరువు చూసేవాడు, తరవాతే మొహం. పేరు మరిచిపోయేవాడు, ఊరు మరిచిపోయేవాడు, ఎదుటివాడికి పెళ్ళయిందో లేదో అసలే గుర్తుండేది కాదు. కానీ ఏళ్ళ తరవాత వీధిలో ఎదురుపడినా సరే, "మీరు తొమ్మిది పౌండ్లు పెరిగారు" అని ఠక్కున చెప్పేసేవాడు. మంచివాడే పాపం. కాకపోతే, బరువు మాట ఎత్తని మనిషి మీద ఉండేంత ప్రేమ ఆయన మీద ఉండాలంటే ఊరివాళ్ళకు కొంచెం ఓపిక పట్టేది. అందుకే రేవెన్ హార్బర్‌లో పిల్లల దగ్గర్నుంచి పాస్టరుగారిదాకా అందరూ ఆయన్ని కాటా హౌగెన్ అనేవారు.

అలాస్కా తీరంలోని ఆ చేపల ఊళ్ళో తీరరక్షక దళం వారి విమానం ఒకటి ఉండేది. ఆల్బట్రాస్ అని దాని అసలు పేరు. పడవలాంటి పొట్ట, ఆ పొట్టలోకే ముడుచుకునే చక్రాలు, రెండు ఇంజన్లు. నేల మీదా దిగేది, నీళ్ళ మీదా దిగేది. సముద్రంలో మునిగిపోతున్నవాళ్ళ పక్కనే వాలి, వాళ్ళను ఎక్కించుకుని, తిరిగి ఎగిరి రావడం దాని ఉద్యోగం. చూడ్డానికి ఏమంత అందగత్తె కాదు. దాన్ని నడిపేవాళ్ళు మాత్రం ముద్దుగా మేక అనేవారు. ఎక్కడికైనా పోతుంది, ఎన్ని దెబ్బలైనా తింటుంది, తనకు బుద్ధి పుట్టకపోతే మాత్రం ఎంత లాగినా కదలదు. ముఖ్యంగా అలల మీంచి పైకి లేవాలంటే దానికి ప్రాణసంకటం. పొట్టలో బరువు ఎక్కువైతే చాలు, నీళ్ళకు అతుక్కుపోయి లేవనని మొరాయించేది. ఆ మేకకు హౌగెన్ పెద్ద మెకానిక్. హోదా ప్రకారం చీఫ్. పెత్తనం ప్రకారం అంతకు రెండు మెట్లు పైన.

లెఫ్టినెంట్ డ్వైట్ ప్రూయిట్ కాన్సస్ గోధుమ పొలాల మధ్య పుట్టి పెరిగి, రెండో పైలట్‌గా ఆ ఊళ్ళో కొత్తగా దిగాడు. దిగిన రోజు వానలో తడుస్తూ, పెట్టె పట్టుకుని, విమానాల షెడ్డులోకి అడుగు పెట్టాడో లేదో, దూలానికి వేలాడుతున్న పెద్ద కొక్కెం కనబడింది. హాలిబట్ చేపల్ని తూచే పాత కాటా అది. దాని పక్కన ఒక సన్నటి మనిషి, తెల్లటి మీసాలతో, కళ్ళు చికిలించి తననే చూస్తున్నాడు.

"నూట డెబ్బై రెండు," అన్నాడు ఆ మనిషి.

"నా పేరు ప్రూయిట్ అండీ."

"పేరు తరవాత చూద్దాం. ముందిలా వచ్చి కూర్చోండి సార్."

కొక్కేనికి గుడ్డతో కట్టిన ఉయ్యాల ఉంది. ప్రూయిట్ అందులో కూర్చున్నాడు. కాళ్ళు గాల్లోకి లేచాయి. ముల్లు నూట డెబ్బై రెండు దగ్గర ఆగింది. హౌగెన్ మొహం వెలిగిపోయింది, వెంటనే మాడిపోయింది.

"ఆ గడియారం ఎందుకు సార్ మీకు? విమానంలో ఒకటుందిగా."

"మా నాన్నగారు ఇచ్చారండీ."

"మంచివారు. భద్రంగా ఇంట్లో పెట్టుకోండి."

ఆ పూట మొదలు ప్రూయిట్ జీవితంలో బుట్ట ప్రవేశించింది. షెడ్డు గుమ్మంలో హౌగెన్ ఒక పెద్ద చేపల బుట్ట పెట్టుకుని నిలబడేవాడు. మేక ఎక్కబోయే ప్రతివాడూ జేబులు దులపాలి. చిల్లర నాణేలు, తాళాల గుత్తులు, కత్తులు, సిగరెట్ లైటర్లు, బెల్టు బిళ్ళలు, అన్నీ బుట్టలోకే. దారి చూసుకునే పటాలకు అంచుల్లో తెల్లగా వదిలేసిన కాగితం ఆయనకు కంట్లో నలుసు, కత్తెరతో కత్తిరించేవాడు. పళ్ళు తోముకునే బ్రష్షులకు పిడులు ఉండేవి కావు. రొట్టె ముక్కలకు అంచులు ఉండేవి కావు. రేడియో మనిషి లెస్టర్ జుట్టు కాస్త పెరిగిందంటే, ఆయనే చెయ్యి పట్టుకుని మంగలి దగ్గర కూర్చోబెట్టి వచ్చేవాడు.

అన్నిటికన్నా పెద్ద యుద్ధం కమాండర్ రోర్క్ ఫ్లాస్కు దగ్గర జరిగేది. రోర్క్ మేకకు పెద్ద పైలట్, ఎర్రజుట్టు మనిషి, కాఫీ లేకపోతే నోట మాట పెగలదు. ఆయన ఫ్లాస్కు స్టీలుది, చిన్న ఫిరంగి గుండంత ఉండేది.

"ఇది నాతో వస్తుంది చీఫ్."

"కాఫీ తాగేసి రండి సార్. ఫ్లాస్కు ఇక్కడే ఉంటుంది."

"తాగినా ఆ బరువు నా పొట్టలోనేగా వచ్చేది?"

"ఫ్లాస్కు రాదు కదా."

"మరి నీ పళ్ళసెట్టు మాటేంటి? అదీ బుట్టలో వెయ్యి!"

హౌగెన్ నిండుగా నొచ్చుకున్నాడు. "అది ఒంట్లో భాగం సార్," అని నోరు గట్టిగా మూసుకున్నాడు.

ఒకసారి పైనుంచి ఒక అడ్మిరల్‌గారు తనిఖీకి వచ్చి, మేకలో ఒక చుట్టు తిరుగుతానని ముచ్చటపడ్డారు. ఛాతీ నిండా పతకాలు. రోర్క్ కళ్ళతోనే వద్దు వద్దని సైగ చేస్తున్నాడు. హౌగెన్ చూస్తేగా! బుట్ట పట్టుకుని ఎదురెళ్ళాడు.

"ఇవి తీసేయాలండీ."

"ఏవీ? నా పతకాలా?"

"ఇవి లేకపోయినా తమరు అడ్మిరలే కదండీ."

 అడ్మిరల్‌గారు కాసేపు ఆలోచించారు. తరవాత ఒక్కొక్కటే విప్పి బుట్టలో వేశారు. పోతూ పోతూ రోర్క్ చెవిలో, "ఇరవై ఏళ్ళలో ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేనయ్యా" అన్నారట.

ఊళ్ళోనూ ఇదే గోల. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికూతురిని చూసి, "నూట ముప్పై, పూలతో కలిపి" అని దీవించేవాడు. జులై సంబరాల్లో పంది బరువు చెప్పే పోటీకి ఆయన్ని రానివ్వడం ఎప్పుడో మానేశారు. ఇంట్లో ఆయన భార్య బోర్గిల్డ్ యాలకుల కేకు చేసి పెడితే, పళ్ళెం ఎత్తి చేత్తో తూచి, "రెండున్నర పౌండ్లు" అని, ఒక్క ముక్కయినా తినకుండా కిందపెట్టేవాడు.

"ఒకప్పుడు ఎలా ఉండేవాడనుకున్నావు బాబూ!" అంటూ బోర్గిల్డ్ ప్రూయిట్ దగ్గర వాపోయింది. "పెళ్ళినాడు చర్చి గుమ్మంలోంచి పక్కకి తిరిగి వచ్చాడు. ఆ మేక దగ్గర చేరిన దగ్గర్నుంచీ ఇదిగో, ఇలా ఎండు చేప అయ్యాడు. నా వంట తినడానికి బరువు, నా మాట వినడానికి బరువు. ఏమయ్యా, వింటున్నావా?"

"వింటున్నానే. నువ్వూ ఒక పౌండు తగ్గావు," అన్నాడు హౌగెన్ ప్రేమగా.

ప్రూయిట్‌కు మొదట్లో నవ్వొచ్చేది. రానురాను ఒళ్ళు మండేది. కొత్తగా కొనుక్కున్న బూట్లు, లోపల బొచ్చున్నవి, హౌగెన్ ఒక రోజు గుమ్మంలోనే విప్పించేశాడు. మంచుగాలిలో ఉత్త మేజోళ్ళతో విమానం నడపాల్సి వచ్చింది.

"అసలు ఇదంతా ఎందుకు చీఫ్ గారూ? ఏం చేసుకుంటారు ఇంత బరువు తగ్గించి?"

"దాచుకుంటున్నాను."

"ఏమిటీ, బరువునా?"

"ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది సార్," అని హౌగెన్ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. లేని బరువును దాచుకునే మనిషిని కాన్సస్‌లో అయితే డాక్టరుకు చూపించేవాళ్ళు అనుకున్నాడు ప్రూయిట్. అనుకుని ఊరుకోలేదు. బోర్గిల్డ్ తనకిచ్చే కేకును మర్నాటి నుంచీ సీటు కింద దొంగచాటుగా తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు.

అక్టోబరులో ఒక తుఫాను ఊరిని రెండు రోజులు కొట్టి వదిలింది. గాలి తగ్గిన మధ్యాహ్నం రేడియోలో కేక వినబడింది. ఈడా అనే చేపల పడవలోకి నీళ్ళు వస్తున్నాయి, ఐదుగురం ఉన్నాం, ఎక్కువసేపు తేలేట్టు లేదు. దగ్గర్లో మరో పడవ లేదు. మేక కదలాల్సిందే.

అంత హడావిడిలోనూ గుమ్మంలో బుట్ట ఉంది.

"మనుషులు చచ్చిపోతుంటే ఇప్పుడు కూడానా చీఫ్!" అని అరిచాడు ప్రూయిట్.

"ఇప్పుడే కదా సార్. బూట్లు."

ఫ్లాస్కు, బూట్లు, లెస్టర్ నోటి హార్మోనికా, రెండు ఖాళీ సీట్లు, అన్నీ షెడ్డులోనే ఉండిపోయాయి. కేకు మాత్రం సీటు కింద ఉంది.

చీకటి పడటానికి ఇంకా కాస్త సమయం ఉండగా ఈడా కనబడింది. ఒక పక్కకు ఒరిగిపోయి, అల వచ్చినప్పుడల్లా సగం కనబడకుండా పోతోంది. రోర్క్ రెండుసార్లు చుట్టూ తిరిగి, రెండు అలల మధ్య చోటు చూసి మేకను దించాడు. పొట్ట నీళ్ళకు తగిలిన చప్పుడుకు ప్రూయిట్ పళ్ళు కదిలాయి. ఐదుగురు మనుషులు చిన్న పడవ వేసుకుని, తెడ్లు వేసుకుంటూ వచ్చి తలుపు పట్టుకున్నారు. హౌగెన్ ఒక్కొక్కణ్ణే మెడ పట్టి లోపలికి లాగాడు. లాగుతూనే నూట అరవై, నూట తొంభై అని గొణుక్కుంటున్నాడు. ఆఖరివాడు ఎక్కగానే వాళ్ళ చిన్న పడవను అల ఎత్తి మేక పక్కకేసి కొట్టింది. పడవ పగిలిపోయింది.

"ఐదుగురు! తలుపు మూసెయ్ చీఫ్!" అన్నాడు రోర్క్ ముందునుంచి.

హౌగెన్ తలుపు ముయ్యలేదు. వచ్చినవాళ్ళ మొహాల్లోకి చూస్తూ, "వంటాయనేడి?" అన్నాడు.

ఐదుగురూ నేలచూపులు చూశారు. పడవ యజమాని నెల్స్ నసిగాడు. "టిల్మనా... మా బావమరిది. అక్కడే ఉన్నాడండీ. చిన్న పడవలో పట్టలేదు. మీరు వెళ్ళండి, రెండో విడతలో వస్తాలే అన్నాడు."

రోర్క్ సీట్లోంచి వెనక్కి తిరిగాడు. "రేడియోలో ఐదుగురని ఏడ్చారు కదయ్యా!"

"చేపల్లో వాటా ఉన్నది ఐదుగురికే కదండీ," అన్నాడు నెల్స్. "ఎవరడిగినా అలాగే చెప్పడం అలవాటు. వంటాయనకి జీతమే. లెక్కలో వెయ్యం."

ఈడా కప్పు మీద, పొగగొట్టాన్ని వాటేసుకుని, ఒక ఆకారం కూర్చుని ఉంది. ప్రూయిట్ ఇప్పుడు చూశాడు. ఇంతసేపూ దాన్ని మూట అనుకున్నాడు.

రోర్క్ మొహం పాలిపోయింది. పిరికివాడు కాదు ఆయన. అలలు చూశాడు, ఇంటికి చేరడానికి కావలసిన పెట్రోలు చూశాడు. "ఈ ఐదుగురితోనే మేక లేస్తుందో లేదో తెలీదు. ఇంకొకడు ఎక్కి, లేవకపోతే అందరం ఇక్కడే పోతాం. మన రబ్బరు గాలిపడవ అతనికి వదిలేద్దాం. వీళ్ళని దింపి మళ్ళీ వద్దాం."

"వచ్చేసరికి చీకటి పడుతుంది సార్. కనబడడు."

"నాకు తెలీదా చీఫ్? ఇంకొకడి బరువుకి చోటెక్కడ్నుంచి తేను?"

"మన దగ్గరుంది సార్," అన్నాడు హౌగెన్. "బయల్దేరేటప్పుడే దాచాను. మీ ఫ్లాస్కు, ఈయన బూట్లు, ఆ రెండు సీట్లు, నా పొట్ట. ఒక మనిషి బరువు. ఎప్పుడు బయల్దేరినా ఒక మనిషి బరువు తీసేసే బయల్దేరతాను. ఈ పడవలవాళ్ళు ఎప్పుడూ ఒకణ్ణి తక్కువ చెబుతారు."

 ప్రూయిట్ మేజోళ్ళలోని తన కాలివేళ్ళకేసి చూసుకున్నాడు. ఆ పూటంతా ఆ చలిని తిట్టుకుంటూ వచ్చాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"వెళ్ళు, తీసుకురా," అన్నాడు రోర్క్.

హౌగెన్ గాలిపడవలోకి దూకాడు. లెస్టరూ నెల్సూ తాడు వదులుతుంటే, అలల మీద ఎగిరెగిరి పడుతూ ఈడా దాకా వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు గాలిపడవ సగం మునిగి వస్తోంది. టిల్మన్ దగ్గరికి వచ్చాక రోర్క్ కళ్ళు పెద్దవి చేశాడు.

"చీఫ్! అది ఒక మనిషి బరువు కాదు!"

"ఒకటిన్నర సార్!" అని నీళ్ళలోంచి అరిచాడు హౌగెన్. "ఆ సగం ఇప్పుడు తీద్దాం!"

ఇక చూడాలి ఆ తమాషా. లెస్టర్ లంగరు పారేశాడు. రోర్క్ తోలుకోటు విప్పి తలుపులోంచి విసిరాడు. చేపలవాళ్ళు తడిసిన రబ్బరు కోట్లు, బూట్లు విప్పి విసిరారు. హౌగెన్ పనిముట్ల పెట్టె, ఎవరైనా ముట్టుకుంటే కరిచేవాడు, దాన్ని నెల్స్ ఎత్తలేకపోతుంటే తనే ఒక పట్టు పట్టి సముద్రంలోకి తోసేశాడు. ప్రూయిట్ ఒక్క క్షణం తటపటాయించి, సీటు కిందనుంచి కేకు తీశాడు.

హౌగెన్ దాన్ని చూశాడు. ప్రూయిట్‌ను చూశాడు. "బోర్గిల్డ్ చేసిందా?"

"అవునండీ."

"పారేయడమెందుకండీ, మేం తినేస్తాం," అన్నాడు నెల్స్ ఆశగా. పొద్దుట్నుంచీ ఎవరూ ఏమీ తినలేదు.

"తింటే బరువెక్కడికి పోతుందయ్యా!" అన్నాడు హౌగెన్. కేకు వెళ్ళి అలల్లో పడింది.

అప్పుడు తెలిసింది, టిల్మన్ చంకలో ఒక జాడీ ఉందని. మట్టిజాడీ, మూతకు గుడ్డ కట్టి ఉంది.

"ఇదేంటి?"

"పులిపిండండీ. రొట్టెల పిండి పులవడానికి తోడు వేసేది. మా అమ్మమ్మ నాటిది," అన్నాడు టిల్మన్, చలికి దవడలు కొట్టుకుంటూ. ఇంత భారీ మనిషికి గొంతు మాత్రం చిన్నపిల్లాడిలా ఉంది. "రోజూ పిండి వేసి మేపుతాను. ఒక్క రోజు కూడా మానలేదు. ఇది లేకుండా నేను రానండీ. మీరు వెళ్ళండి."

"నీకు పిచ్చా!" అన్నాడు నెల్స్.

హౌగెన్ జాడీని రెండు చేతులతో ఎత్తి తూచాడు. "పదమూడు పౌండ్లు," అన్నాడు దిగులుగా. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. ఆయన జాడీని టిల్మన్ చేతికిచ్చి, తన నడుముకు వేలాడుతున్న పెద్ద రెంచీని విప్పాడు. పెట్టె పోయాక ఆయనకు మిగిలిన ఒకే ఒక్క పనిముట్టు అది. దాన్ని పైకెత్తి ఒకసారి ఊపి చూసుకుని సముద్రంలో పడేశాడు.

"సరిపోయింది. తలుపు ముయ్యండి."

రోర్క్ ఇంజన్లు పెంచాడు. మేక అలకు గుద్దుకుంది, వెనక్కి పడింది. మళ్ళీ గుద్దుకుంది. అద్దాల మీద నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. మూడో అలకు రోర్క్, బరువుతో లేవలేనప్పుడు పైకి తన్నడానికని మేక పక్కల్లో తగిలించిన రాకెట్లను అంటించాడు. చెవులు చిల్లులు పడే చప్పుడు. మేక ఒళ్ళంతా దడదడలాడుతూ, లేవనా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, లేచింది. ఎవరు ముందు అరిచారో తెలీదు. ప్రూయిట్ మాత్రం కాన్సస్‌లో గుర్రప్పందాల్లో అరిచినట్టు అరిచాడు.

కాసేపటికి రోర్క్ పంపిస్తే ప్రూయిట్ వెనక్కి వచ్చాడు. టిల్మన్ దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. జాడీ హౌగెన్ ఒళ్ళో ఉంది.

"వంటాయన ఉంటాడని ఎలా తెలుసు చీఫ్ గారూ?"

"నేను కుర్రాడప్పుడు పడవ మీద వంట చేసేవాణ్ణి. అప్పుడూ అంతే, లెక్కలో లేను. పడవ బోల్తా పడింది. వేరే పడవ వచ్చింది. వాటాదార్లందర్నీ ఎక్కించుకున్నారు. ఇంకొకడెక్కితే మునుగుతాం, ఉండు అబ్బాయ్, మళ్ళీ వస్తాం అన్నారు. బోర్లాపడ్డ పడవ మీద నేనూ, ఒక ఉల్లిపాయల బస్తా."

"మళ్ళీ వచ్చారా?" అని ఊపిరి బిగబట్టి అడిగాడు ప్రూయిట్.

"రాకపోతే ఇవాళ మీ బూట్లు ఎవడు లాక్కునేవాడు సార్?"

ప్రూయిట్ నవ్వేశాడు. హౌగెన్ కూడా నవ్వి, జాడీ మూత గుడ్డ సర్దాడు. "మంచివాళ్ళే, తిరిగొచ్చారు. కానీ వాళ్ళు వచ్చేదాకా కూర్చోవడం ఉంది చూశారూ, చాలా భయమేసింది. ఇంకెవడూ అలా కూర్చోకూడదనిపించింది. అంతే."

ఆ చలికాలం టిల్మన్ మళ్ళీ పడవ ఎక్కలేదు. రేవు దగ్గర చిన్న రొట్టెల కొట్టు పెట్టాడు. వారం వారం షెడ్డుకు ఒక పెద్ద రొట్టె పంపేవాడు, తలగడంత. హౌగెన్ దాన్ని కాటాకు తగిలించి, బరువు చూసి, తల పట్టుకునేవాడు. తల పట్టుకుంటూనే తినేవాడు. బోర్గిల్డ్‌కు కళ్ళనీళ్ళు తిరిగాయి. "మేక నా మొగుణ్ణి తినేసింది, ఆ పులిపిండి మళ్ళీ కక్కిస్తోంది," అంది. అని మొగుడి కోసం యాలకుల కేకు మళ్ళీ మొదలుపెట్టింది.

గుమ్మంలో బుట్ట ఉండేది కానీ, ఇప్పుడు హౌగెన్ దాని పక్కన నిలబడనక్కర్లేకపోయింది. రోర్క్ తనే వచ్చి ఫ్లాస్కు పెట్టేవాడు. లెస్టర్ అడక్కుండానే క్షవరం చేయించుకునేవాడు. ప్రూయిట్ బూట్లు జతగా, వరసగా, ముందే వచ్చి కూర్చునేవి.

వసంతంలో ఒక పొద్దున మళ్ళీ రేడియోలో కేక వచ్చింది. ఒక పడవ, నలుగురట. అందరూ పరిగెడుతుంటే ప్రూయిట్ కాటా దగ్గర ఆగాడు.

"చీఫ్ గారూ, ఇలా వచ్చి కూర్చోండి."

"నేనా? నన్ను తూచేదేంటి సార్?"

"కూర్చోండి."

హౌగెన్ ఉయ్యాలలో కూర్చున్నాడు. ముల్లు ఊగి ఊగి ఆగింది. రోర్క్ దగ్గరికొచ్చి చూసి, నాలుక చప్పరించాడు. హౌగెన్ మెడ సాచి తనూ చూసుకున్నాడు. కోటు విప్పాడు. బూట్లు విప్పాడు. ముల్లు ఇంకా పాత బరువుకి ఒక గీత పైనే ఉంది. టిల్మన్ రొట్టె, బోర్గిల్డ్ కేకు ఆయన ఒంట్లోనే ఉన్నాయి.

ఆయన ఇంకోసారి ముల్లుకేసి చూశాడు. తరవాత అటు తిరిగి, నోట్లో చెయ్యి పెట్టి పళ్ళసెట్టు తీసి, రోర్క్ ఫ్లాస్కు పక్కన బుట్టలో పెట్టాడు.

ఆ రోజంతా మేకలో ఆయన చెప్పింది ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థం కాలేదు. ఇంకొక మనిషికి చోటు మాత్రం ఉంది.